వేటలో ఉన్న పదకొండుమంది

“ఆ పేర్లు మీరే కొట్టీండి సార్. నాను కొట్టను.”

“నేనెందుకు కొడతానమ్మా? అర్జీ ఇచ్చింది నువ్వు. అందులో తప్పు రాసింది నువ్వు.”

“తప్పు కాదు సార్.”

“తప్పు కాదా? చచ్చిపోయినవాళ్ళ పేర్ల ఎదురుగా వేలిముద్రలు వేయించుకొచ్చి తప్పు కాదంటావేం?”

“సచ్చిపోనారని మీకెవులు సెప్పినారు సార్?”

ఆ మాటతో టెక్కలి రెవెన్యూ ఆఫీసు వరండాలో కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పారు. సోమవారం, అర్జీలు తీసుకునే రోజు. పట్టాదారు పాసుపుస్తకాలవాళ్ళు, పింఛన్లవాళ్ళు, ఊరికే వచ్చినవాళ్ళు అందరూ ఒక్కసారి నోళ్ళు మూసుకున్నారు. జిరాక్స్ కట్ట చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళబోతున్న యువరాజు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆ గొంతు అతనికి తెలుసు. ఆ అర్జీ టైపు చేసింది అతనే.

లోపల గుమాస్తా సూర్యనారాయణ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఏడాదిలో రిటైరయ్యే మనిషి. అరిచే అలవాటు లేనివాడు. అరిచినందుకు తనే సిగ్గుపడ్డట్టు గొంతు తగ్గించాడు.

“చూడమ్మా. గుల్లలపేటలో మనుషులు గల్లంతయినప్పుడల్లా పోలీసు రిపోర్టు నా బల్లమీదికే వస్తుంది. ‘గల్లంతు’ అని రిజిస్టర్లో ఎక్కించేది నేనే. ఇదిగో, ఈ కూర్మారావు. నాలుగేళ్ళ కిందట నా చేత్తో రాశాను. ఈ ఈశ్వర్, డిగ్రీ కుర్రాడు, అదీ నేనే. ఇప్పుడు వాళ్ళంతా వరసగా వచ్చి మాకు లైటు కావాలని అడుగుతుంటే నేనేం చెయ్యను? రాత్రి ఈ లిస్టు చదివి నాకు అన్నం సయించలేదు తెలుసా?”

“కూర్మారావు మా నాన్న సార్,” అంది ఆ పిల్ల.

సూర్యనారాయణ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. కాసేపు కాగితాలు సర్దాడు. సర్దడానికి అక్కడేమీ లేదు.

“పదకొండు పేర్లు,” అన్నాడు చివరికి. “నేను ఊరుకున్నా పైన ఊరుకోరు. ఒక్క ఎంక్వయిరీ వేస్తే చాలు, దొంగ సంతకాలని మొత్తం అర్జీ పక్కన పడేస్తారు. బతికున్న మూడొందలమంది మాటా దాంతోపాటే పోతుంది. ఈ ఏడాది పనుల లిస్టు వచ్చే సోమవారంతో క్లోజు. ఆ పదకొండూ తీసేసి తీసుకురా, నేనే పైకి పంపిస్తాను. తీయకపోతే నా చేతుల్లో ఏమీ లేదు.”

ఆ పిల్ల నోటుపుస్తకం గుండెలకి ఆనించుకుని బయటికొచ్చింది. గుమ్మంలో యువరాజుని చూసింది. జడ చివర నోట్లో పెట్టుకుని కొరుకుతూ బస్టాండు వైపు నడిచింది.

ఆమె పేరు ప్రవల్లిక. పదో తరగతి. మూలపేటకి అవతల, ఇసుకకీ సరుగుడు తోటకీ మధ్య ఇరుక్కున్న నూటయాభై గడపల ఊరు గుల్లలపేట. తల్లి మోహిని చేపల గంప ఆటోలో వేసుకుని నౌపడ, టెక్కలి వీధులు తిరుగుతుంది. ఆరో తరగతి నుంచీ ఊళ్ళో అక్షరాల పని ప్రవల్లికదే. ఫోన్లో వచ్చిన మెసేజీ చదవాలన్నా, మాత్రల అట్ట మీద తారీఖు చూడాలన్నా, ఆధార్‌లో తప్పు దిద్దించాలన్నా “కూర్మారావు గుంటని పిలండి” అంటారు. తండ్రి పోయాక కూడా ఆమె కూర్మారావు గుంటే, ఆయన కూతురే. ఆ పిలుపు ఎవరూ మార్చలేదు.

మంచివాళ్ళ గురించి రాసేటప్పుడు నవ్వు మొహం అని రాస్తారు. ప్రవల్లికది నవ్వు మొహం కాదు. గబగబా మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళు తప్పు చెబితే మధ్యలో ఆపేస్తుంది, పెద్దా చిన్నా చూడదు. ఇంకో సంగతి. తండ్రి వెళ్ళిన రోజు నుంచీ ఆమె సముద్రపు గట్టుకి వెళ్ళలేదు. బడికి గట్టు మీదుగా పావుగంట దారి. ఆమె సరుగుడు తోట వెనకనుంచి చుట్టూ తిరిగి ముప్పావుగంట నడిచేది. ఎందుకని ఎవరైనా అడిగితే “ఇసకలో సెప్పులు తెగిపోతన్నాయి” అనేది.

సాంఘికశాస్త్రం చెప్పే సీతాదేవి టీచరు ఒకరోజు క్లాసులో, మీ ఊరి సమస్య ఒకటి తీసుకుని, దానికోసం మీరే పదిమందినీ కదిలించి చూడండి అంది. మిగతా ఊళ్ళ పిల్లలు చెత్తకుండీలు రాశారు, కుక్కలు రాశారు. గుల్లలపేట పిల్లలు ఐదుగురు లైటు రాశారు.

తిత్లీ తుపానుకి గట్టుమీది ఎత్తు స్తంభం విరిగిపడింది. దాని తల మీద నాలుగు పెద్ద దీపాలుండేవి. చీకటితో వేటకి వెళ్ళిన బోట్లు తెల్లారేలోగా ఆ వెలుగు చూసుకుని తిరిగొచ్చేవి. పగలైతే మహేంద్రగిరి కొండ గురుతు. కొండ భుజం ఫలానా తాటితోపు మీదికి వచ్చిందంటే ఊరు ఎదురుగా ఉన్నట్టు లెక్క. కానీ పుష్యమాసంలో మంచు పడితే కొండా ఉండదు, తాడీ ఉండదు. స్తంభం కూలాక మంచుల్లో పోయినవాళ్ళు పదకొండుమంది. కొందరు ఒడ్డుకి కూతవేటు దూరంలో బోటు తిరగబడి పోయారని ఊళ్ళో అనుకుంటారు. శవాలు రాలేదు కనక ఎవరికీ తెలియదు.

మొదటిరోజు ఐదుగురూ యూనిఫాంలో, తెల్ల కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళారు. ఒక్కరు సంతకం పెట్టలేదు. పోర్టు కోసం కొలతలు మొదలైనప్పటినుంచీ అక్కడ కాగితం కనిపిస్తే తలుపులు మూసుకుంటున్నాయి. పెంటయ్య అనే ముసలాయన వల కుట్టుకుంటూ తలెత్తకుండా అన్నాడు.

“ఇయ్యాల లైటంతారు, రేపు మా ఇల్లు లెగ్గొడతారు. ఎల్లండి, ఎల్లి సదువుకోండి.”

“నాను సదివేది అదే తాతా, పాఠంలో ఉన్నాది,” అంది ప్రవల్లిక.

“పాఠంలో సంతకాలెట్టించమని ఉన్నాదేటే? మా కాలంలో ఎక్కాలుండీవి.”

స్నేహితురాలు హేమ మర్నాటికే చేతులెత్తేసింది. “మనూరోళ్ళు ఇంతేనే. సెత్తకుండీ రాసీసుకుందుము.”

ప్రవల్లిక తెల్ల కాగితం చింపేసింది. రూళ్ళ నోటుపుస్తకం ఒకటి తీసుకుని పేరు, వయసు అని గీతలు కొట్టి, మూడో గడిలో ‘మాట’ అని రాసింది. సంతకం గడి చివరికి నెట్టింది. రెండోసారి వెళ్ళినప్పుడు సంతకం ఊసే ఎత్తలేదు. మంచులో ఏటయినాదో సెప్పు, రాసుకుంతాను, అంతే. సంతకం అంటే భయపడినవాళ్ళు మాట అంటే గంటసేపు కూర్చోబెట్టారు. ఆమె రాసింది, వాళ్ళకే చదివి వినిపించింది. “ఇది నీ మాటేనా పిన్నీ?” “నా మాటేనే.” “నీకు సెప్పకండా ఇందులో ఒక్క అచ్చరం మారవు. సరేనా?” “సరే.” “అయితే ఏలెయ్యి.”

మగవాళ్ళు ఇళ్ళల్లో దొరకరు. వాళ్ళు దొరికేది చేపల వేలం పాట దగ్గర, గట్టు మీద. నాలుగేళ్ళ తర్వాత ప్రవల్లిక ఆ ఇసుకలో అడుగుపెట్టింది. నోటుపుస్తకం కళ్ళకి అడ్డంగా పట్టుకుని, సముద్రానికి వీపు చేసి నిలబడి, ఊరివాళ్ళ మాటలు పైకి చదివింది. కవళ్ళ చేపల బుట్టలమధ్య పాట ఆగిపోయింది. ఆరోజు ఒక్కపూటే నలభై వేళ్ళు పడ్డాయి. తర్వాత మందసలో కొబ్బరికాయల షావుకార్ల దగ్గరికీ, కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ దగ్గరికీ వెళ్ళింది. “మీ ఊరి లైటుతో మాకేటమ్మా పని?” అన్నాడొక షావుకారు. “సేపలు తింతారు కదండీ,” అంది. అతను నవ్వి సంతకం పెట్టాడు.

జీడిపప్పు ఫ్యాక్టరీలో వేలు వేసినవాళ్ళలో యువరాజు తల్లి ఒకతె. “మావోడు టెక్కల్ల టైపు కొడతాడు, డబ్బులడగడు, నాను సెప్తాను ఎల్లు,” అంది ఆవిడే. ప్రవల్లిక అలా యువరాజు షాపుకి వచ్చింది.

యువరాజు డిగ్రీ మూడో సెమిస్టర్లో మానేశాడు. కారణం ఒక్కొక్కరికి ఒక్కోటి చెప్పేవాడు. అసలు కారణం ఈశ్వర్. క్లాసులో పక్క బల్ల. గుల్లలపేట కుర్రాడు. చిన్నాన్న బోటులో మనిషి తక్కువైనప్పుడల్లా వేటకి వెళ్ళేవాడు. ఆ రోజుల్లో ఈశ్వర్ హాజరు యువరాజు పలికేవాడు, గొంతు కొంచెం మార్చి. ఈశ్వర్ తిరిగిరాలేదని కబురొచ్చాక కూడా పలికాడు. పదిహేను రోజులు పలికాడు. క్లాసంతా తల దించుకుని కూర్చునేది. పదహారోరోజు లెక్చరరు రిజిస్టరు మూసి “ఇంక చాల్లేరా” అన్నాడు. యువరాజు బల్లమీంచి లేచి బయటికి నడిచాడు, మళ్ళీ ఆ గేటు దాటలేదు.

ప్రవల్లిక పుస్తకం టైపు చేస్తుంటే నూట పద్దెనిమిదో వరసలో ఆ పేరొచ్చింది. ఈశ్వర్, ఇరవై రెండు. మాట: ‘అమ్మా, మంచులో ఒడ్డు ఏటేపో తెలీలేదే.’ పక్కన తల్లి దేముడమ్మ వేలిముద్ర.

ఇరవై రెండు. పోయిననాడు పంతొమ్మిది. మూడేళ్ళూ కలిపి రాయించింది ఆ తల్లి.

అతని వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. ఇది చెల్లదని అతనికి తెలుసు. అర్జీలు కొట్టి బతికేవాడికి ఆ మాత్రం తెలియదా? పక్కనున్న పిల్లకి చెప్పాలి. చెప్పలేదు. బతికున్నవాళ్ళ మధ్య ఆ పేరు అలా కూర్చుని ఉంటే చూడ్డానికి బాగుంది. టైపు కొట్టేసి తర్వాతి వరసకి వెళ్ళిపోయాడు.

పిల్లలు మోసం చెయ్యలేదు. ఇంట్లో ఓటున్నోళ్ళు ఎంతమంది అని రెండోసారి మళ్ళీ వెంటొచ్చిన హేమ అడిగింది, ఆడవాళ్ళు చెప్పారు, ఇంట్లో లేనివాళ్ళ మాటా వాళ్ళే చెప్పి వేలు వేశారు. మీ ఆయనెక్కడ అంటే, వేటలో ఉన్నాడన్నారు. గుల్లలపేటలో అది అబద్ధం కాదు. సముద్రం చొక్కా ముక్కో, వల బెండో, బోటు చెక్కో ఏదో ఒకటి తిరిగి ఒప్పజెప్పేదాకా అక్కడ మనిషిని పోయాడనరు. బొట్టు తీయరు. వేటలో ఉన్నాడనే అంటారు. నాలుగేళ్ళయినా, పదేళ్ళయినా అంతే. అలాంటి ఊళ్ళో పుట్టిన పిల్లలకి ఆ జవాబు రాసుకోవడంలో తేడా కనబడలేదు.

గుమాస్తా గడువు పెట్టిన వారం ఆదివారం పొద్దున్నే, ప్రవల్లిక కబురు పెడితే, యువరాజు బండి మీద గుల్లలపేట వెళ్ళాడు. ప్రవల్లిక, హేమ వీధి మొదట్లో నిలబడి ఉన్నారు. ప్రవల్లిక చేతిలో ఎర్ర పెన్ను.

“ఇంటింటికీ ఎందుకు? ఇక్కడే కూర్చుని పదకొండు గీతలు కొట్టీయొచ్చు. ఎవులికీ తెల్దు,” అన్నాడు యువరాజు.

“అడిగి రాసినాం అన్నా. అడిగే కొట్టాల.”

“ఏటని అడుగుతావు? మీ ఆయన సచ్చిపోనాడని ఒప్పుకో అనా?”

“అంతే కదా మరి,” అంది. జడ నోట్లోంచి తీసింది.

నాలుగడుగులు వేశాక అతను చెప్పేశాడు. “టైపు కొట్టినప్పుడే నాకు తెల్సు ఇది సెల్లదని. ఈశ్వర్ నా దోస్తు. సెప్పలేకపోనాను.”

“నాకు తెల్సు అన్నా. నువ్వు ఆ పేరు కాడ ఆగినావు. నాను సూసినాను.”

“మరి అడగలేదేటి?”

ఆమె నడక వేగం పెంచింది.

తొమ్మిది ఇళ్ళు. మొదటి గడప దేముడమ్మది. ఎండుచేపలు తిరగేస్తున్నదల్లా యువరాజుని చూసి నడుం నిలబెట్టింది.

“నువ్వా? ఇన్నాళ్ళకి దారి తెలిసినాదేటి నీకు? ఆడు బతికున్నప్పుడైతే నా పులుసు కోసం ఆదివారమొస్తే సాలు ఊడిపడేవోడివి...”

మాట అక్కడ ఆగిపోయింది. ఆమె చేతిలో చేప అలాగే ఉంది. ఈగలు వాలుతున్నాయి. తన నోరు ఏమందో ఆమె విన్నది. ముగ్గురూ విన్నారు. మూడేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట రావడం అదే మొదలు. హేమ గోడవైపు తిరిగింది. వచ్చిన పని ప్రవల్లిక ఇంకా చెప్పనేలేదు.

“దేనికొచ్చినారు?” అంది దేముడమ్మ.

ప్రవల్లిక చెప్పింది. మొత్తం చెప్పింది, గబగబా కాదు, నెమ్మదిగా.

“కొట్టీయే,” అంది దేముడమ్మ. “నా నోరే కొట్టీసినాది, ఇంక నీ పెన్నుకేటి.” చేపని జాగ్రత్తగా వరసలో పెట్టింది. “బాబూ, కూకో. పులుసు లేదు గాని మజ్జిగుంది.”

యువరాజు తాగలేకపోయాడు. తాగినట్టు నటించాడు.

దీప్తి అనే ఇరవైనాలుగేళ్ళ పిల్ల, వీధిలోకే వచ్చి, “కొట్టీయండి, మా అత్తకి మట్టుకు సెప్పకండి. ఆవిడ ఇంకా ఆయనకి తీసిపెట్టే గిన్నె బోర్లించనీదు,” అని గుసగుసగా చెప్పి లోపలికి పోయింది. ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరి పేర్లు, ఒకే గీత సరిపోలేదు, రెండు గీయాల్సి వచ్చింది. ఇంకో ఇంట్లో తండ్రీ కొడుకూ. అక్కడ ఎవరూ ఏడవలేదు, తిట్టలేదు, కూర్చోమనలేదు. ఆ ఇంటి ముసలమ్మ ప్రవల్లిక తల మీద చెయ్యి వేసి, గీత పూర్తయ్యేదాకా తీయలేదు. బయటికొచ్చాక యువరాజుకి తమ వెనక ఎవరో నడుస్తున్నట్టనిపించింది. ఒకరు కాదు, కొంతమంది. తిరిగి చూశాడు. ఎండ, ఇసుక, తాటాకు నీడ. ప్రతి ఇంటినుంచీ ఒకరిని బయటికి పిలిచి వెంట తెచ్చుకుంటున్నట్టుంది ఆ పని.

పెంటయ్య మాత్రం వల కర్ర ఎత్తాడు.

“మీ గుమాస్తాకి సెప్పు. ఆ లైటెలిగించమను ముందల. ఎలిగితే మావోడే వచ్చి సంతకం పెడతాడు. ఆడికి సదువొచ్చు, నాకులాగ ఏలు కాదు.”

“తాతా...”

“పో.”

పోయారు. వీధి చివరిదాకా వెళ్ళాక వెనకనుంచి పిలుపు వినిపించింది. “ఓలే, కూర్మారావు గుంటా!” తిరిగి వెళితే, ముసలాయన మొహం వలలోకి దించుకుని ఉన్నాడు. “ఆడిది కొట్టీసి నాది రాయి. నా పేరుకి నాను ఏలెయ్యలేదు కదా. ‘నా కళ్ళకి అవుపడదు గాని మిగిల్నోళ్ళకి కావాల’ అని రాయి.” ఆమె రాసింది. చదివి వినిపించింది. ఇది నీ మాటేనా తాతా అని అడిగింది. ముసలాయన వేలు చాపాడు.

పొద్దు వాలేసరికి పది గీతలు పడ్డాయి. హేమ ఇంటికి వెళ్ళిపోయింది. మిగిలింది ఒక్క గడప.

మోహిని గంప కడుగుతోంది. కూతురి చేతిలో ఎర్ర పెన్ను చూసింది, వెనకున్న యువరాజుని చూసింది. ఊరంతా అప్పటికే చెప్పేసింది ఆమెకి.

“అమ్మా, నాన్న పేరు కొట్టాల.”

“నన్నెందుకడుగుతున్నావు?”

“అడిగే కొడతామని మాటిచ్చినాం.”

“నాకియ్యలేదు నువ్వు.” మోహిని గంప బోర్లించి దాని మీద కూర్చుంది. ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. “మీరు రాసుకున్న రోజు నాను టెక్కల్ల ఉన్నాను, సేపలమ్ముతూ. నానొచ్చీసరికి ఆయన పేరున్నాది, ఆయన మాటున్నాది. ఏలు కాడ నీ ఏలున్నాది. ఇది నీ ఏలు కాదేటి? సిన్నది. నాను సూసినాను, ఊరుకున్నాను. నన్ను పేరు సెప్పమని ఉంటే నాను సెప్పీదాన్ని కాదు ప్రవల్లీ.”

“సెప్పీదానివి కాదా?”

“నాలుగేళ్ళు. నీకోసరం బొట్టెట్టుకుంతన్నాను.”

యువరాజు నేల చూశాడు. ఆఫీసులో గుమాస్తాని నిలదీసిన పిల్ల, ఎనిమిది గడపలూ ఎక్కి దిగిన పిల్ల, ఇప్పుడు పుస్తకం తెరిచి, రెండో పేజీ మొదటి వరస దగ్గర పెన్ను పెట్టింది. కూర్మారావు, నలభై ఒకటి. మాట: ‘పాప నిద్దర లేసే టైముకి వచ్చీసేవోడిని.’ ఆమె రాత మిగతా పుస్తకమంతా గీతల మధ్య బుద్ధిగా ఉంటుంది. ఆ వరస ఒక్కటీ కొంచెం పెద్దగా, వత్తి రాసినట్టు ఉంది.

పెన్ను కదల్లేదు. మోహిని లేచి వచ్చి చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకుండా లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది, కావాలని చేస్తున్నంత గట్టిగా.

ప్రవల్లిక పెన్ను మూత పెట్టింది. బండిదాకా అతనితో నడిచొచ్చింది. గట్టు మీద ఎవరో వల లాగుతూ కేకలు వేస్తున్నారు. పుస్తకం అతని చేతుల్లో పెట్టి, వదలకుండా ఇటు చివర పట్టుకునే మాట్లాడింది.

“రేపు నాకు పరీచ్చ ఉన్నాది అన్నా. అర్జీ నువ్వే ఇచ్చీ. పది పేర్లు కొట్టీసినాను, కంప్యూటర్ల కూడా తీసీ. పెంటయ్య తాతది కలిపీ.”

“మరి...”

“అదీ తీసీ. లైటు రావాల కదా.” వేళ్ళు పుస్తకం మీంచి వదిలింది. “ఇక్కడ మట్టుకు వొద్దు. టెక్కలి ఎల్లినాక తీసీ. నువ్వే తీసీ, ఇంకెవులి సేతా వొద్దు. ఎప్పుడు తీసినావో నాకు సెప్పకు అన్నా. నానడిగినా సెప్పకు.”